అరవై కట్టుల కంచు కింకరుడు

కాకోలగిరి గుహలోకి వెళ్ళినవాడెవడూ తిరిగి వచ్చి ఆ సంగతి చెప్పలేదు కనుక, ఆ సొరంగంలో ఎన్ని బండలు పరిచి ఉన్నాయో లోకానికి తెలియదు. సింగన్నకు మాత్రం తెలిసింది. నలభై ఎనిమిది. ప్రాణభయం పట్టుకున్నప్పుడు కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు, కొందరు కన్నతల్లిని తలుచుకుంటారు. ఈ మహానుభావుడు లెక్కపెడతాడు.

సింగన్న యోధుడు కాడు. కనకవాడ రాజ్యంలో మూడు తరాలుగా రాజులకు బట్టలు కట్టి ముస్తాబు చేసే కైసేతవారి ఇంటి బిడ్డ. తలపాగా చుట్టడంలో అతడి చేతికి ఎదురులేదు గాని, కత్తి ఇస్తే ఎటు పట్టుకోవాలని అడిగే రకం. అటువంటివాడు ఈ కొండ కడుపులోకి ఎందుకు వచ్చాడంటే, రాకుమారి మందారిక వెంట రమ్మంది. ఆమె వెంట బయలుదేరిన పన్నెండుగురు వీరభటులూ నిన్న సాయంత్రానికే లేళ్ళుగా మారి అడవిలో గడ్డి మేస్తున్నారు. మిగిలింది సింగన్న ఒక్కడే.

మందారిక తమ్ముడు, యువరాజు రత్నాంగదుణ్ణి మాంత్రికుడు ఉల్కాదంతుడు ఎత్తుకుపోయి నేటికి నలభై ఒక్క రోజులు. ఇవాళ సూర్యుడు నడినెత్తికి రాగానే యువరాజు తల హోమగుండంలో పడుతుంది. మాంత్రికుడు దీక్షాస్నానానికి కొండ అవతలి మడుగుకు వెళ్ళడం చూసి వీళ్ళిద్దరూ గుహ ముందు వేలాడే ఇనుపగొలుసు పట్టుకున్నారు. ఒక్కరు లాగితే ద్వారశిల కదలలేదు. ఇద్దరూ వేలాడితే మూరెడు లేచింది. వదిలేసి, అది మెల్లగా దిగేలోగా పాముల్లా దూరి లోపలికి వచ్చిపడ్డారు. వెనక రాయి మూసుకుంది.

"రాకుమారీ, బయటికి పోయే దారి మూసుకుపోయింది," అన్నాడు.

"తమ్ముణ్ణి తీసుకోకుండా బయటికి పోయి ఏం చేస్తాం? నడువు," అంది మందారిక.

సొరంగం చివర ఒక మండపం తెరుచుకుంది. నల్లరాతి స్తంభాల మీద చెక్కిన సర్పాలకు కెంపుల కళ్ళు పొదిగారు. పైకప్పులో గుండ్రటి బిలం. దాంట్లోంచి దిగిన ఎండ పసుపు పట్టుచీర పరిచినట్టు నేల మీద పడి, క్షణక్షణానికీ అవతలి ఇనుపతలుపు వైపు జరుగుతోంది. అది తలుపును తాకితే నడిమధ్యాహ్నం. తలుపు వెనక నుంచి ఎవరో సన్నగా మూలుగుతున్నారు.

"తమ్ముడే," అంటూ మందారిక ముందుకు ఉరికింది. సొరంగం చివరి బండను ఆనుకుని పద్మంలా చెక్కిన రాయి ఒకటి ఉంది. ఆమె పాదాలు దాని మీద పడగానే రాతిరేకులు ముడుచుకుని చీలమండలను పట్టేశాయి. అదే సమయంలో సొరంగం అవతలి కొసన ద్వారశిల గరగరమంటూ పైకి లేచి వెలుతురు వచ్చింది. పద్మం మీద బరువు ఉన్నంతసేపూ బయటిదారి తెరిచే ఉంటుందన్నమాట. బరువు ఉన్న మనిషికి మాత్రం కదిలే యోగం లేదు. ఉల్కాదంతుడి హాస్యం ఆ బాపతు.

సింగన్న రేకులను గుంజాడు, రాయి పెట్టి కొట్టాడు, గోళ్ళు విరగ్గొట్టుకున్నాడు. రేకులు చెక్కుచెదరలేదు.

"అది తర్వాత చూద్దువు గాని, అటు చూడు," అంది మందారిక.

పద్మానికీ ఇనుపతలుపుకీ నడుమ పదకొండు బండలున్నాయి. వాటికి ఆవల, తలుపుకు వీపు ఆనించి కంచు కింకరుడు నిలబడి ఉన్నాడు. మనిషి మీద మూరెడు ఎత్తు. రోలంత పాదాలు, మెడలో వరసగా మూడు గజ్జెలు. ఒంటి మీద నూలుపోగు లేదు. పక్కన చందనపు పెట్టె తెరిచి ఉంది. ఛాతీ మీద అక్షరాలున్నాయి. మాంత్రికులకు ఇదొక జబ్బు. పన్నిన ఉచ్చు గురించి నాలుగు ముక్కలు ఎక్కడో ఒకచోట రాసి మురిసిపోకపోతే వాళ్ళకు తిన్నది అరగదు. సింగన్న దగ్గరికి వెళ్ళి పైకి చదివాడు.

"తలకొకటి, భుజానికొకటి, నడుముకొకటి. సరికట్టు కట్టితే తలుపు నీది. తప్పు కట్టుకు ఒక అడుగు నాది. కట్టిన కట్టు నేడు మళ్ళీ చెల్లదు."

మందారిక తన కాళ్ళ వైపు చూసుకుంది. ఎదురుగా ఉన్న పదకొండు బండలనూ చూసింది. కింకరుడి పాదాన్ని చూసింది.

"పన్నెండో అడుగు నా మీద వేస్తాడు," అంది.

సింగన్న పెట్టెలో చేతులు పెట్టాడు. తలపాగాలు నాలుగు: ఎరుపు, పసుపు, నీలం, తెలుపు. ఉత్తరీయాలు మూడు: చిలకపచ్చ, ఊదా, నలుపు. నడుముకు కట్టే దట్టీలు ఐదు: నెమలికన్నుల దట్టి, హంసల దట్టి, పులిచారల దట్టి, ముత్యాల దట్టి, ఏ పనీ లేని సాదా దట్టి. పన్నెండు గుడ్డలు. పన్నెండే కదా అని ఎవరైనా అనుకుంటారు. కైసేత ఇంట్లో పుట్టినవాడు అనుకోడు.

"ఎన్ని రకాలుగా కట్టొచ్చు?" అంది మందారిక.

"ఒక్క తలపాగా తీసుకుంటే దాని కింద మూడు ఉత్తరీయాల్లో ఏదైనా వేయొచ్చు. ఒక్కో ఉత్తరీయానికి ఐదు దట్టీలు. మూడైదులు పదిహేను. అంటే ఒక్క తలపాగాకే పదిహేను కట్టులు. తలపాగాలు నాలుగు గనుక నాలుగు పదిహేనులు." పెట్టెలోని గుడ్డలను మళ్ళీ ఒకసారి ఎంచాడు. "అరవై."

"అరవైలో సరైనది?"

"ఒక్కటే. తక్కిన యాభై తొమ్మిదీ తప్పులే. మనకు పనికొచ్చే బండలు పదకొండు."

ఎండ పరుపు జానెడు జరిగింది. మందారిక కళ్ళలో నీళ్ళు తిరిగాయి గాని, తుడుచుకుని, "కట్టు," అంది.

సింగన్న ఎర్ర తలపాగా చుట్టాడు. చిలకపచ్చ ఉత్తరీయం వేశాడు. నెమలికన్నుల దట్టి బిగించాడు. ఒక్క మడత కూడా చెదరలేదు. అలవాటు అలాంటిది. కింకరుడు తల అటూ ఇటూ ఆడించాడు. ఒళ్ళు విదిల్చి బట్టలన్నీ రాల్చేశాడు. కుడికాలు లేచింది. ధన్ మంటూ మొదటి బండ మీద పడింది. మండపం అదిరి దుమ్ము రాలింది.

రెండోసారి పసుపు తలపాగా, ఊదా ఉత్తరీయం, హంసల దట్టి. ధన్. మూడోసారి నీలం, నలుపు, పులిచారలు. ధన్. నాలుగోసారి తెలుపు, చిలకపచ్చ, ముత్యాలు. ధన్. ఐదోసారి ఎరుపు, ఊదా, సాదా. ధన్. ప్రతి అడుగుకూ పెట్టెను వెనకాల ఈడ్చుకొచ్చి, దాని మీదికెక్కి తలపాగా చుడుతూ, సింగన్న చెమటతో తడిసి ముద్దయ్యాడు. కింకరుడు ఇప్పుడు ఐదో బండ మీద ఉన్నాడు. అతడి నీడ మందారిక పాదాలను తాకింది.

"ఆగు సింగన్నా," అంది ఆమె. "ఆ గజ్జెలు విన్నావా?"

"నాకు నా గుండె తప్ప ఏమీ వినపడట్లేదు రాకుమారీ."

"తల ఆడించినప్పుడు ఒక్కోసారి ఒక గజ్జె మోగుతోంది. మొదటిసారి ఒక్కటీ మోగలేదు. అప్పుడు నేను కళ్ళు తెరిచే ఉన్నాను, చెవులూ తెరిచే ఉన్నాను. తర్వాత భయంతో కళ్ళు మూసుకున్నా. రెండు మూడుసార్లు ఒకటి మోగింది, ఏ కట్టుకో చెప్పలేను. మూడు గుడ్డలు, మూడు గజ్జెలు. సరైన గుడ్డ పడితే దాని లెక్కకు ఒక గజ్జె మోగుతుందేమో."

సింగన్న నోరు తెరిచాడు. "మోగినా లాభమేముంది? మూడిట్లో దేనికి మోగిందో ఎలా తెలుస్తుంది?"

"మూడూ ఒకేసారి ఎందుకు మారుస్తున్నావు? ఒకటి మార్చి రెండు అలాగే ఉంచరాదూ?"

ఆ మాటకు సింగన్న చేతిలోని గుడ్డ జారిపోయింది. కనకవాడలో రాజు నిన్న కట్టిన దాంట్లోంచి ఒక్క పోగు కూడా ఇవాళ ఒంటి మీద ఉండకూడదు. తలపాగా మారితే దట్టీ మారాలి, దట్టీ మారితే ఉత్తరీయమూ మారాలి. సగం ఉంచి సగం మార్చేది ఒక్కచోటనే. రాజు కన్నుమూశాక, పాడె మీదికి చేర్చేముందు. సింగన్న తాత ఆ ముచ్చట చెప్పి, బతికున్నవాడికి సగం కట్టు మారిస్తే ఆ చేయి కుళ్ళిపోతుందని బెదిరించి మరీ పని నేర్పాడు. ఇప్పుడు ఐదు బండలు వృథా అయిపోయింది ఆ మర్యాద పుణ్యమే.

"అది చావు కట్టు రాకుమారీ. లోపల యువరాజు బతికి ఉండగా నా చేత్తో నేనెలా కట్టేది?"

"నువ్వు కట్టకపోతే వాడూ పోతాడు, నేనూ పోతాను. అప్పుడు మా ఇద్దరికీ ఎలాగూ అదే కడతావు."

సింగన్నకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే లెక్క వేశాడు. మొదటి కట్టుకు గజ్జె మోగలేదు గనుక ఎరుపు, చిలకపచ్చ, నెమలికన్నులు మూడూ తప్పు. మిగిలిన తలపాగాలు మూడు. రెండు చూస్తే చాలు, రెండూ కాకపోతే మూడోదే. మిగిలిన ఉత్తరీయాలు రెండు. ఒకటి చూస్తే చాలు. దట్టీలు నాలుగు. మూడు చూస్తే చాలు. విడివిడిగా చూస్తే హెచ్చవేత లేదు, కూడికే. రెండూ ఒకటీ మూడూ ఆరు. ఎదురుగా మిగిలిన బండలు కూడా ఆరే. ఒక్కటి ఎక్కువ లేదు.

తప్పని తేలిన చిలకపచ్చనూ నెమలికన్నులనూ నేల మీద నుంచి ఏరి మళ్ళీ కింకరుడికే కట్టాడు. తాత ఎక్కడున్నా క్షమించాలని దండం పెట్టుకున్నాడు. తలపాగా మాత్రం పసుపుది చుట్టాడు. చెవులు రిక్కించాడు. నిశ్శబ్దం. ధన్.

నీలం చుట్టాడు. నిశ్శబ్దం. ధన్.

"అయితే తెలుపే," అంది మందారిక. కింకరుడు ఏడో బండ మీద ఉన్నాడు. అతడి ఒంటి నుంచి పాత కంచు వాసన ఆమె ముక్కుకు తగులుతోంది.

తెల్ల తలపాగా, ఊదా ఉత్తరీయం, నెమలికన్నుల దట్టి. ఒక గజ్జె మోగింది. అది తెలుపుది. ఊదా కాదు. ధన్.

"నలుపు," అన్నారు ఇద్దరూ ఒకేసారి. తెలుపు, నలుపు, హంసల దట్టి. రెండు గజ్జెలు మోగాయి. ధన్. పులిచారలు. రెండే. ధన్. ఎండ పరుపు ఇనుపతలుపుకు బెత్తెడు దూరంలో ఉంది. లోపలి మూలుగు ఆగిపోయింది. సింగన్న ముత్యాల దట్టి కట్టాడు. రెండే గజ్జెలు. ధన్. పదకొండో బండ.

కింకరుడి ఛాతీ ఇప్పుడు మందారిక ముఖానికి ఎదురుగా ఉంది. ఆమె వెనక్కి వాలింది, కాళ్ళు రాలేదు. "సింగన్నా, నీ లెక్క తప్పితే?" అంది పిల్ల గొంతుతో.

"తప్పితే మీకంటే ముందు నేనే ఆ కాలి కింద పడతాను," అన్నాడు సింగన్న. గొప్పకు అన్నది కాదు. అంత భయంలో ఒంటరిగా మిగిలే ధైర్యం అతడికి లేదు. సాదా దట్టి నడుముకు చుట్టి, కళ్ళు మూసుకుని ముడి వేశాడు.

మూడు గజ్జెలూ మోగాయి.

ఇనుపతలుపు ధడాలున తెరుచుకుంది. రాతిరేకులు విడిపోయాయి. మందారిక కాలు ఎత్తబోయి ఆగింది. ఎత్తితే బయట ద్వారశిల దిగిపోతుంది. సింగన్న లోపలికి పరిగెత్తి, గొలుసుల కొక్కేలు ఊడదీసి, ఎండిన చెరుకుగడలా ఉన్న రత్నాంగదుణ్ణి భుజానికెత్తుకొచ్చాడు. యువరాజు కళ్ళు తెరిచి, "అక్కా," అని మళ్ళీ మూశాడు.

"మీరిద్దరూ వెళ్ళండి. నేను పద్మం మీద ఉంటాను," అంది మందారిక.

"ఉండక్కర్లేదు," అన్నాడు సింగన్న. జీవితంలో మొదటిసారి అతడికి తప్పు చేయాలని బుద్ధి పుట్టింది. "సరైన కట్టు ఒక్కటే గాని, తప్పులకేం కొదవ? రాకుమారీ, నేను ఊఁ అనగానే పక్కకు దూకండి."

కింకరుడి తల మీద తెల్ల తలపాగా లాగేసి ఎర్రది చుట్టాడు. రెండు గజ్జెలు మోగి, కుడికాలు లేచింది. ఊఁ. మందారిక దూకింది. కంచుపాదం పద్మం మీద పడింది. రాతిరేకులు అప్పడాల్లా విరిగాయి. కింకరుడి బరువుకు బయటిదారి తెరిచే ఉంది. అక్క చెయ్యి పట్టుకుని, తమ్ముణ్ణి భుజాన వేసుకుని సింగన్న సొరంగంలో పరుగందుకున్నాడు.

ముప్పై బండలు దాటేసరికి వెనక రెక్కల చప్పుడైంది. పైకప్పు బిలంలోంచి పెద్ద రాబందు మండపంలోకి దిగి, నేల తాకగానే తడి జటల ఉల్కాదంతుడైంది. నెత్తిన రక్తవర్ణపు తలపాగా. తెరిచిన తలుపును చూశాడు, ఖాళీ గొలుసులను చూశాడు, సొరంగంలో పరిగెడుతున్న మూడు నీడలను చూశాడు. ఒక్క అరుపు అరవలేదు. పెట్టెలోంచి గుడ్డలు తీసి కింకరుడికి చుట్టాడు. గజ్జె మోగలేదు. కింకరుడు పద్మం దిగి సొరంగంలో మొదటి బండ మీద కాలు వేశాడు.

పద్మం మీద బరువు పోయింది. ఎదురుగా ద్వారశిల దిగసాగింది.

సింగన్న పరిగెత్తిన పరుగు ఇంతకు ముందు ఏ కైసేతవాడూ పరిగెత్తి ఉండడు. మందారిక రాయి కింద నుంచి దూరి అవతలికి దొర్లింది. సింగన్న యువరాజును నేల మీద పడుకోబెట్టి తోశాడు, ఆమె బయటి నుంచి లాగింది. తమ్ముడి పాదాలు గడప దాటాయి. సింగన్న తల వంచేసరికి రాయికీ నేలకూ నడుమ జానెడే మిగిలింది. చేయి వెనక్కి లాక్కున్నాడు. రాయి నేలను ముద్దాడింది.

అతడు నలభై ఎనిమిదో బండ మీద, చల్లటి రాతికి వీపు ఆనించి, లోపల మిగిలిపోయాడు.

బయట గొలుసు గలగలమంది. మందారిక దానికి వేలాడుతున్నట్టుంది. "తమ్ముడూ, లే, పట్టుకో, ఒక్కసారి పట్టుకో," అన్న ఆమె గొంతు రాయిలోంచి సన్నగా వినపడింది. రాయి కదిలీ కదలక వణికింది.

"నలభై ఒక్క రోజుల దీక్ష," అంటూ ఉల్కాదంతుడు కింకరుడి పక్కనే నడిచి వస్తున్నాడు. చందనపు పెట్టె గాలిలో తేలుతూ అతడి వెంట వస్తోంది. "ఇవాళ బలి నెత్తురు తప్ప వేరేది నా చేతికి అంటకూడదురా. అందుకే వీడికి కాళ్ళిచ్చాను."

అతడి వేళ్ళు సాలెపురుగు కాళ్ళకంటే వేగంగా ఆడుతున్నాయి. ఒక కట్టు, ఒక అడుగు. మరొక కట్టు, మరొక అడుగు. ధన్, ధన్, ధన్. సింగన్న అలవాటు ప్రకారం లెక్కపెట్టాడు. తప్పులు యాభై తొమ్మిది. మండపంలో కింకరుడు వేసిన అడుగులు పన్నెండు. అంటే పన్నెండు తప్పులు చెల్లిపోయాయి. మిగిలినవి నలభై ఏడు. కట్టిన కట్టు నేడు మళ్ళీ చెల్లదు. నలభై ఏడు అడుగులు వేస్తే నలభై ఏడో బండ మీద ఆగిపోతాడు. తాను ఉన్నది నలభై ఎనిమిదో దాని మీద. బండలు ఎంచడంలో పొరపాటు పడకపోయి ఉంటే బతుకుతాడు. పడి ఉంటే ఆ సంగతి తెలుసుకునేందుకు కూడా వ్యవధి ఉండదు.

ముప్పై. ముప్పై ఐదు. బయట ఎవరో రెండో మనిషి గొలుసు పట్టుకున్నారు. రాయి వేలెడు లేచి, అడుగున సన్నటి వెలుతురు గీత పడింది. నలభై. నలభై ఐదు. నాలుగు వేళ్ళ వెలుతురు. మనిషి దూరడానికి మూరెడు కావాలి. నలభై ఆరు. నలభై ఏడు.

ధన్.

కింకరుడి మోకాలు సింగన్న తొడకు ఆనింది. అక్కడే ఆగింది. మాంత్రికుడు ఒక కట్టు కట్టాడు. కదలలేదు. ఇంకొకటి కట్టాడు. కదలలేదు. అతడి ముఖంలోకి మొదటిసారి అయోమయం వచ్చింది.

సింగన్న నోరు మూసుకుని ఉండవలసింది. కాని అంత భయం తర్వాత ఊపిరి అందినవాడికి నోరు ఆగదు, అందులోనూ లెక్క సరిపోయినవాడికి అసలే ఆగదు.

"అయిపోయాయి స్వామీ," అన్నాడు రొప్పుతూ. "నాలుగు మూళ్ళు పన్నెండు, పన్నెండైదులు అరవై. ఇక మీ దగ్గర తప్పులు లేవు."

ఉల్కాదంతుడు మెల్లగా నవ్వాడు.

"మంచి లెక్క. నాలుగు తలపాగాలకు కదూ," అన్నాడు.

చేతులు పైకెత్తి తన నెత్తి మీది రక్తవర్ణపు తలపాగా విప్పసాగాడు. చుట్టు వెంట చుట్టు ఊడి నేల మీద పడుతోంది. సింగన్న వద్దనుకున్నా బుర్ర హెచ్చవేసింది. ఒక్క తలపాగా, మూడు ఉత్తరీయాలు, ఐదు దట్టీలు. కొత్తగా పదిహేను అడుగులు.

వీపు వెనక రాయి ఇంకో వేలెడు లేచింది. కింకరుడికి కావలసింది ఒక్క అడుగే.